ఆరు గంటల మౌనం, పదకొండు నిమిషాలు

నా పేరు గోవిందరాజు. వయసు యాభై రెండు. ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకులో గుమాస్తాను, పార్టీ తరఫున కార్మికుల కోసం కరపత్రాలు రాస్తాను. వృత్తి ఒక్కటే చెప్పమని పోలీసు స్టేషన్ పెద్దాఫీసరు బడోబాబు అన్నారు. రెండూ రాయకపోతే సంతకం పెట్టనన్నాను. రాశారు.

నా భార్య తమ్ముడు అప్పలసూరి క్రేను నడిపేవాడు. రెండేళ్లుగా గోడవైపు తిరిగి పడుకున్నాడు. డాక్టర్లు నాలుగు రకాల మాత్రలు మార్చారు. మాట లేదు, గడప దాటడం లేదు. మాత్రలకు లొంగని దిగులుకు ఒక జాతి పుట్టగొడుగుల్లోని పదార్థం పనికొస్తుందేమోనని విదేశీ ఆసుపత్రుల్లో పరీక్షిస్తున్నట్టు పత్రికలో చదివాను. అక్కడి ప్రొఫెసరుకు అందే వైద్యం ఇక్కడి క్రేను డ్రైవరుకు ఎందుకు అందదు? దీన్ని కొట్టెయ్యవద్దు. ఇదీ వాంగ్మూలంలో భాగమే.

భవానీపూర్‌లో పేరు తెలియని మనిషి దగ్గర ఆ పుట్టగొడుగుల పొట్లం కొన్నాను. ఆ తప్పు నాది. డాక్టరు చెయ్యాల్సిన పనికి నేను దిగడం ఇంకా పెద్ద తప్పు. అప్పలసూరికి అన్నీ చెప్పాను. తల ఊపాడు.

2010 మార్చి 14, ఆదివారం. అతని భార్య జగ్గమ్మకి పొట్లం ముందురోజే ఇచ్చాను. ఆమె కూర వండింది. ఉదయం తొమ్మిదికి అతను తిన్నాడు. తోడుగా నేనూ రెండు ముక్కలు తిన్నాను. పక్కన కూర్చునేవాడు ఆరు గంటలు నోరు మెదపకూడదని నేనే నియమం పెట్టాను. తొమ్మిదీ ఎనిమిదికి గోడమీది పార్టీ క్యాలెండరులోని ఎర్రజెండా కదిలింది. మందు ఎక్కుతోందనుకున్నాను.

తొమ్మిదీ పదకొండుకి పక్కింటి గవరయ్య కిటికీలోంచి తొంగిచూసి, "ఏటి దాదా, పలకవేటి? మీ పార్టీ నీ నోరు కూడా మూయించీసిందేటి?" అన్నాడు.

జవాబు చెప్పాను. ముప్పై మూడేళ్ల మా పార్టీ పాలనలో జరిగిందీ, జరగాల్సిందీ చెప్పాను. భూసంస్కరణల దగ్గరికి వచ్చేసరికి పన్నెండూ అయిదు.

అప్పుడు అప్పలసూరి లేచి కూర్చున్నాడు.

"నోర్ముయ్ బావా. ఆరు గంటలన్నావు. పదకొండు నిమిసాలే ఆగినావు. నాను గడియారం సూత్తన్నాను."

జగ్గమ్మ చేతిలో గరిటె జారింది. రెండేళ్లలో అదే మొదటి మాట. అదే మొదటి మాటండీ. నేను బిగ్గరగా ఏడ్చాను. ఆ ఏడుపు విని గవరయ్య మీకు ఫోను చేశాడు. మీరు రాగానే, అడగకముందే, పొట్లం సంగతి నేనే వివరంగా చెప్పాను.

మీ ఎదుటే జగ్గమ్మ అంది: "ఆ పొట్లం నిన్ననే మురిక్కాలవలో పారీసినాను అన్నియ్యా. బజార్లో పుట్టగొడుగులు తెచ్చి ఆవపెట్టి వండినాను. నీ పేపరోళ్లని నమ్మి నా మొగుడికేటైనా అయితే?"

ఆమె చేసిందే సరైన పని. జెండా ఫ్యాను గాలికి కదిలింది.

ఒక్క తిట్టుతో అతని జబ్బు నయమైందని నేను అనను. రేపు మళ్లీ డాక్టరుకి చూపించాలి. కేసు రాస్తే నా ఒక్కడి మీద రాయండి. అతన్నీ, జగ్గమ్మనీ వదిలెయ్యండి.

మీరు నన్ను స్టేషనుకి తెచ్చి ఇది రాసుకుంటుండగా కానిస్టేబుల్ లోపలికి వచ్చాడు. అప్పలసూరి నడిచి స్టేషనుకి వచ్చాడట. నన్ను విడిపించడానికి కాదు. "బావని రేపటిదాకా ఉంచుకోండి బాబూ. ఇల్లు సల్లగా ఉంది" అని అడగడానికి.

గడప దాటాడు. నాకు అభ్యంతరం లేదు. ఉంచుకోండి.

పైన రాసిందంతా జరిగింది జరిగినట్టే. ఎవరి ఒత్తిడీ లేదు. చదివి వినిపించారు, రెండు చోట్ల వాదించి ఒప్పుకున్నాను.

(సంతకం) గోవిందరాజు

సాక్షి: అప్పలసూరి (సంతకం. వేలిముద్ర చాలన్నా, కలం అడిగి తీసుకున్నాడు.)