ఎరుపు కొత్త తుపాకీకి, పచ్చ పాతదానికి

నవ్వాడా? నేను కొట్టించిన తంతి సదివి డాక్టరు దొర నవ్వీసాడా? ఇంకొక్కసారి సదవండి గోవిందరావు బాబూ. ఇంగ్లీషు నాకొద్దు, మన మాటలో సెప్పండి.

'రంగులన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎరుపు కొత్త తుపాకీకి, పచ్చ పాతదానికి. సింహాచలం డ్రైవర్ని నిమ్మళంగా పడుకోమనండి.' అంతేనా? ఇంకో ముక్క లేదా?

నిమ్మళంగా పడుకోవాలట. ఆ రంగులు నమ్మొద్దనే కదండీ నా ఏడుపు. ఆయన ఆ రంగులే సూసి అంతా బాగుందంటే నేనేటి సెయ్యను?

కూకోమనకండి, కూకోలేను. క్వార్టరు నుంచి సెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చాను. మీరా తంతి మీట మీంచి సెయ్యి తియ్యకండి, అది సాలు. ఆళ్లింకా బేల్గహనా స్టేషన్లోనే ఉన్నారు కదా? అచ్ఛా. దొర టీ తాగుతున్నాడు, ఎడ్లబళ్లకి సామాను ఎక్కిస్తన్నారు. ఎంతసేపు, పావుగంటా? బళ్లు కదిలేయంటే అడివిలో తంతీ లేదు, కేకేస్తే ఇనీవోడూ లేడు.

దొర కోసం కాదండీ. దొరకేటీ కాదు. మా సూర్యం ఉన్నాడక్కడ. మా సెల్లి అప్పలనర్సమ్మ కొడుకు, నా ఇంజిను మీద ఫైర్‌మేను. దొర వేటకెల్తే రెండో తుపాకీ ఆడి సేతికిస్తాడు. పాతది. ఆ పాతది ఇయ్యాళ ఆడి మొకం మీద పేల్తాది.

ఇందాక ఒస్తూంటే, తోర్వా గేటు కాడ, మా సెల్లి ఎదురైంది. ఏటన్నా ఆ పరుగు అంది. డ్యూటీకి పిలుపొచ్చిందని సెప్పి ఆగకుండా ఒచ్చీసాను. దాని మొకం సూడ్డానికి ధైర్యం సాల్లేదు.

నిదానంగా సెప్పాలా? సెప్తాను. మీకర్థమైతేనే కదా దొరకి అర్థమయ్యేలా కొడతారు.

దొరకి రెండు తుపాకులు. రెండింటికీ ఒకే కొలత తూటా పడతాది, అదే వొచ్చిన సిక్కు. పాతది ఆయన తండ్రి నాటిది, దాని గొట్టం మెత్తన. దానికి పొగమందు పొయ్యాలి. పొగమందు గుండుని తోస్తాది, కొండ ఘాటీలో ఎనకనుంచి ఇంజిను బండిని తోసినట్టు. కొత్తదానికి పొగలేని మందు. అది తొయ్యదు, గుద్దుతాది. ఆ గుద్దుడికి కొత్త గొట్టం తట్టుకుంటాది, పాతది తట్టుకోదు. బద్దలైపోతాది. బుగ్గ ఆనించి కదా గురి సూస్తారు, ఆ బుగ్గ కాడే.

ఆరేళ్లయి ఆ తూటాలు కట్టేది నేనే. కాల్చిన ఇత్తడి డొప్పలు కడగడం, నిప్పు పుట్టించీ కొత్త టోపీ ఎక్కించడం, కంసాలి తాసులో మందు తూచడం, గుండు బిగించడం. కలకత్తా నుంచి పార్సిలొచ్చిందంటే ఏ మందు ఎంత పొయ్యాలో దొర నన్నే అడుగుతాడు. ఎండలు ముదిరితే పొగలేని మందు పొగరెక్కుతాది, ఓ పిసరు తగ్గించాలంటాను. సిరతకి మెత్తని కొనున్న గుండు సాలు, అడివిదున్నకి అది పనికిరాదు, ఎముక తగిలితే అక్కడే విచ్చుకుపోతాదంటాను. అంత సదువు సదివిన దొర బుర్రూపుతాడు. నాకదో గొప్ప. ఇంజిను తోలడం కన్నా అదే గొప్పగా ఉండీది.

డొప్పలన్నీ ఒకేలా ఉంటాయి కదా, ఏది దేనిదో తెలియాలి. ఆ ఉపాయమూ నాదే. సిగ్నలు రంగులు. గట్టి మందుకి ఎరుపు, మెత్తని మందుకి పచ్చ, టోపీ పక్కన ఒక్కో సుక్క. రైలోడి బుద్ధి అని దొర ఎంత మెచ్చుకున్నాడో.

రంగొక్కటే కాదు, గుండులో కూడా తేడా ఉండీది. పాతదానికి సీసం గుండు, నేనే ఇంట్లో కరిగించి అచ్చులో పోసీవోణ్ణి. కొత్తదానికి నికెలు తొడుగున్న గుండు, కొన్నది. సీకట్లో తడిమినా తెలిసిపోయీది. ఈ పాలి రెండింటికీ కొన్న గుండే పెట్టాను. సీసం పాతకాలం పద్ధతి దొరా, ఇదే నయం అన్నాను. సరేనన్నాడు. నేను సెప్తే కాదంటాడా?

అబద్ధం బాబూ. సీసం పొయ్యలేక అలా సెప్పాను. ఈ వేళ్లు సూడండి, పోయినసారి కాలినవి. మరిగిన సీసం ఏ రంగు తిరిగితే దించాలో... ఉండండి, అక్కడికే వస్తన్నాను.

నిన్న మధ్యాన్నం కట్టాను. రెండు సెక్కలకి బెజ్జాలు పెట్టించి ఉంచాను, తూటాలు నిలబెట్టుకోడానికి. కిటికీ కాడి సెక్కలో పాతదానివి, గోడ కాడి సెక్కలో కొత్తదానివి. మందు తప్పలేదు, ఒట్టేసి సెప్తాను. పొగమందుకి గంధకం వాసన, ముక్కే పట్టీస్తాది. రంగు కాడే తప్పింది. ఎప్పుడూ సూర్యం పక్కన కూకుని డబ్బా అందిస్తాడు. నిన్న ఆడు తల్లిని బజారుకి తీసుకెల్లాడు. ఆడొచ్చీదాకా ఆగొచ్చు. ఆగలేదు. ప్రతిదానికీ ఆడేనా, ఇంతమాత్రం నా వల్ల కాదా అనుకున్నాను.

రెండు డబ్బాలు. ఎరుపు డబ్బా మూతకి సొట్ట ఉంటాది, అదే నా గుర్తు. మూతలు రెండూ తీసి కింద పెట్టాను. సగం పనిలో ఎవరో పిలిస్తే లేచెల్లాను. తిరిగొచ్చి కూకున్నాక, సొట్ట మూతకుంది గాని డబ్బాకి లేదు కదండీ. ఇదే అయ్యుంటాదిలే అని కుంచె ముంచీసాను.

పొద్దున్నే సూర్యం ఒచ్చి రెండు సెక్కల్లోవీ ఒకే సంచిలోకి ఒంపీసుకున్నాడు. రంగు సూసి బండిలో సర్దుకుంటాను మావా అన్నాడు. నేనూ సరే అన్నాను.

ఆళ్ల బండి ఎల్లిపోయాక మా ఇంటిది అప్పయమ్మ సెక్కలు తుడుస్తోంది. నేను కుంచెని సెక్క అంచుకే రాస్తాను లెండి. 'కిటికీ కాడిదానికి ఎప్పుడూ పచ్చే కదా అంటీది, ఈ పాలి సగం ఎరుపు అంటిందేటి? గోడ కాడిదానికి పచ్చంటింది' అంది. దానికేటీ తెలీదు, ఉత్తినే అడిగింది. నాకప్పుడు తెలిసింది. అంటే ఇప్పుడు పచ్చ సుక్కున్న తూటాల్లో కొన్ని పొగమందువి, కొన్ని పొగలేని మందువి. సూర్యం పచ్చవే ఏరుకుని పాత తుపాకీలో పెడతాడు. మొదటిది మంచిది తగలొచ్చు. రెండోదీ తగలొచ్చు. ఎన్నని తగుల్తాయి?

ఏటి? మందు సెమ్మగిల్లిందని కొట్టమంటారా? సెమ్మగిల్లితే పేలదు కదా, ఓసారి సూద్దాం అంటాడు దొర. ఎవడి సేత కాల్పించి సూస్తాడో మీరే సెప్పండి.

జొరంలో పొరపాటు పడ్డానని కొడితే? పొరపాటు జరిగిందనే కదండీ మొదటి తంతి. సింహాచలం పొరపాటు పడడని నవ్వాడు.

అప్పయమ్మ రంగేసిందని రాయాలా.

మీరు నా మంచికే అంటున్నారు, తెలుసు. నాకూ తోచింది, ఒచ్చే దార్లోనే తోచింది, మీకాడ దాపరికమేటి. కాని నేను తూటాలు కట్టీటప్పుడు ఆ గదిలోకి అది కాలు పెట్టదని దొర తన కళ్లతో సూసాడు. మందు వాసనంటేనే దానికి దడ, గుమ్మం కాడ టీ పెట్టి పోతాది. మళ్లీ నవ్వుతాడు. ఈసారి నవ్వాడంటే బళ్లు కదిలిపోతాయి, మా సూర్యం మిగల్డు.

ఆయన నవ్వు ఆపీ మాట ఒక్కటే ఉంది. తలుపు దగ్గరగా ఏస్తారా? వద్దు, ఉండనీండి. ఎలాగూ ఊరందరికీ తెలిసీదే.

నాకు ఎరుపూ పచ్చా తెలీవు బాబూ.

గుడ్డోణ్ణి కాను. మీ మొకం కనపడుతోంది, మీ కోటుకి గుండీ ఊడింది కనపడుతోంది. ఆ రెండు రంగులే పోయాయి. రెండూ మట్టిలాగే ఉంటాయి నాకు. రెండేళ్లయింది. సుట్టలు బాగా కాల్చీవోళ్లకి అలా అవుతాదని ఓ కాంపౌండరు ఎవరి గురించో అంటూంటే ఇన్నాను. నాది అడ్డసుట్ట, నిప్పు నోట్లో పెట్టుకుని పీల్చీవోణ్ణి. ఆ రోజే మానీసాను. మానినా రంగులు తిరిగి రాలేదు.

పరీక్షంటారా? ఏటేటా రంగురంగుల ఉన్ని పోగులు బల్ల మీద పరిచి ఏరమంటారు కదా. నా వంతొస్తే, తూటా కట్టే కంటికి పరీక్షేటయ్యా అని దొర సంతకం పెట్టీసీవోడు. ఆ సంతకం కోసమే ఈ రెండేళ్లూ తూటాలు కట్టాను. అంతకుముందు నాలుగేళ్లూ సరదాకే. తర్వాత, మానీస్తే పోగులు ఏరమంటాడని భయం.

పగలైతే సిగ్నలు సెయ్యి పైకుందో వాలిందో సూసుకుంటాను. సీకటి పడ్డాక దీపాలే కదా. సూర్యం సెప్తాడు. 'మావా, పచ్చ' అంటాడు, నేను ఆవిరి వదుల్తాను. రెండేళ్లూ ఆడి నోటిమాట మీద తోలాను బండి. ఆడికి షంటరు పని, యార్డులో ఇంజిను తోలీది, ఎప్పుడో రావాల్సింది. దొర సెవిలో నేనొక్క మాటేస్తే ఒచ్చీది. ఎయ్యలేదు. ఆడు నా ఇంజిను దిగిపోతే నాకు దిక్కెవరు? ఇంకా కుర్రోడే, తొందరేటని మా సెల్లికి నేనే సర్దిసెప్పాను.

పోయిన నెల ఘుట్కూ కాడ గూడ్సు ఆగింది, ఆవు అడ్డొచ్చిందని రాసిచ్చాను. ఆవు లేదు బాబూ. సూర్యం బొగ్గెయ్యడానికి అటు తిరిగాడు, నేను ఎర్ర దీపం దాటించీసాను. ఆడు సూసి, అరిచి, ఆడే బ్రేకు మీద పడ్డాడు. ఎదర పట్టా మీద ట్రాలీ, దాని సుట్టూ ఐదుగురు గ్యాంగుమేన్లు. ఇరవై గజాలు కూడా లేదు. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. నిద్ర కూడా పట్టింది.

ఇంక రాయండి. 'డ్రైవరు సింహాచలానికి ఎరుపూ పచ్చా తెలీవు. రెండేళ్లయి తెలీవు. తూటాల మీద ఏ రంగూ నమ్మొద్దు. ఒక్కటీ కాల్చొద్దు. సంచికి తాళమెయ్యండి.' కింద నా పేరెట్టండి. ఈ తంతి కాపీ లోకో ఆఫీసుకి పోతాదని నాకు తెలుసు. క్వార్టరు ఖాళీ సెయ్యమంటారు, అదీ తెలుసు. ఎందుకాగిపోయారు?

కొట్టండి బాబూ, దండం పెడతాను. ఈపాటికి ఎడ్లు కట్టీసుంటారు.

ఎల్లిందా?

ఎంతసేపైంది? మీ గడియారం నడుస్తోందా అసలు? ఇంకోసారి పిలవండి. పిలిచారా. సరే. సరే, నేను మాటాడను.

మోగుతోంది. బేల్గహనాయేనా? మీరలా రాసుకుంటూ పోకండి. ముందు ఒక్కటి సెప్పండి. నవ్వాడా?

నవ్వలేదా.

సంచి స్టేషన్ మాస్టరు బీరువాలో పెట్టి తాళమేయించాడా. సూర్యాన్ని తిరుగు బండికి పంపించేస్తన్నాడా. అచ్ఛా. అచ్ఛా బాబూ. ఈ స్టూలు ఇలా ఇవ్వండి, ఇప్పుడు కూకుంటాను.

ఇంకేదో రాసాడు, మీరు సెప్పడం లేదు. రేపు పదింటికి ఆస్పత్రికి రమ్మన్నాడా? ఉన్ని పోగులు ఏరడానికా? అనుకున్నదే లెండి. ఎల్తాను. సేతికేది తగిలితే అది ఏరతాను.

సాయంత్రం నాలుగింటి గూడ్సుకి నా పేరుంది షెడ్డు బోర్డు మీద. సూర్యం లేడని ఎవడో కొత్త ఫైర్‌మేన్ని ఇచ్చారు, ఆడికి నా సంగతి తెలీదు. ఘాటీ ఎక్కీసరికి సీకటి పడిపోతాది. ఈ తూటాల గొడవే లేకపోతే, ఆడితోనే ఎక్కీసి ఎల్లిపోయీవోణ్ణి బాబూ. మీతో ఇంక అబద్ధమెందుకు, ఎల్లిపోయీవోణ్ణి.

వస్తాను. ఎల్తూ ఎల్తూ బోర్డు మీద ఆ పేరు నేనే తుడిచీసుకుంటాను. నల్ల బోర్డు మీద తెల్ల సుద్ద, అది నాకు బాగానే కనపడతాది.