సున్నపు పట్టీ

యాకుత్స్క్‌లో ఆ నాలుగంతస్తుల ఇల్లు, గడ్డకట్టిన నేలలో దింపిన కాంక్రీటు కాళ్ళ మీద నిలబడి ఉంది. మూడో అంతస్తులో తన గుమ్మం పక్కన, గోడ బీటకు అడ్డంగా అతికించిన, తేదీ రాసిన సున్నపు పట్టీని అగాఫ్యా ముసలమ్మ వేలితో తడిమి చూసింది. ఇళ్ళ ఆఫీసు ఇన్‌స్పెక్టరు మెట్ల మీదే ఆగాడు.

"చూశారుగా మామ్మగారూ, మే నెలలో పెట్టిన పట్టీ. ఇల్లు కదిలుంటే ఇది ఎప్పుడో విరిగేది."

"మే నెల పట్టీకి ఇంకా తడి ఆరలేదేం నాయనా?"

"నిన్నటి వానకి చెమ్మెక్కింది."

"మరి నీ వేళ్ళకి ఆ తెలుపేంటి?"

"మెట్ల గోడకి ఆనుకున్నాను."

"మెట్ల గోడకి ఆకుపచ్చ రంగు కదయ్యా! సరే, ఇది చూడు." ఆమె జేబులోంచి ఒక విరిగిన ముక్క తీసింది. "దీనిమీదా అదే తేదీ, నీ రాతే. జూలైలో ఊడి నా గుమ్మంలో పడింది."

"అదెక్కడి ముక్కో ఏమో. కింద నేలంతా వేలేళ్ళ నాటి మంచు, రాయితో సమానం."

"ఆ రాయి కరిగిన నీళ్ళలోనే ఈ వేసవి ఇంటి కింద బాతులు ఈదాయి."

"మీకన్నీ అనుమానాలే! ఇల్లు ఉక్కుముక్కలా ఉంది. నా మాట నమ్మండి."

"నమ్మాను. బూట్లు విప్పి లోపలికి రా, పాలు పోసిన టీ ఉంది. మనవాళ్ళెవరూ గుమ్మం దాకా వచ్చి టీ తాగకుండా పోరు."

అతను ఆమె తలమీది పైకప్పు వంక చూశాడు.

"ఇంకోసారి తాగుతాను మామ్మగారూ. కింద పనుంది."

"అయితే ఉండు, నేనూ కిందికే వస్తున్నా."

ఆమె పొయ్యి ఆర్పి, కొక్కేనికున్న కోటు తీసుకుంది.