సీటు కింద ఒకసారి సూడండప్పా

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మా యాత్రా సంస్థ యజమాని శ్రీ దేవనాథన్ గారికి, తిరుచానూరులోని ఈ కల్యాణ మండపానికి ఇంత ఎండలో శ్రమపడి వచ్చిన పెద్దలకు, డ్రైవరు సోదరులకు, మా బస్సెక్కిన పరిచయాన్ని గుర్తుపెట్టుకుని వచ్చిన యాత్రికులకు, వారిలోనూ ముందు వరుసలో ఫ్యాను కింద చోటు సంపాదించుకున్న పలమనేరు తాయమ్మ గారికి, పూలదండ బరువుకు మెడ వంచి కూర్చున్న మా గైడు దేవరాజులు గారికి నా నమస్కారాలు.

నా పేరు చక్రధర్. సంస్థ కార్యాలయంలో పనిచేస్తాను. పగలంతా లాడ్జిలో గదులు శుభ్రం చేసి, సాయంత్రం రాత్రి కళాశాలకు నడిచివెళ్ళి, తెలుగు చదువుకుని పట్టభద్రుణ్ణయ్యాను. ఈ మాట చెప్పకుండా నేను ఏ సభలోనూ మైకు వదలనని మా వాళ్ళు నవ్వుకుంటారు. (నవ్వులు) నవ్వండి. ఈరోజు మాత్రం ఆ మాట గర్వంగా చెప్పలేకపోతున్నాను. ఎందుకో చెప్పడానికే లేచాను.

మా సముద్రం–కొండల యాత్ర మీలో చాలామందికి తెలుసు. బస్సు తిరుపతిలో బయలుదేరి, పులికాట్ సరస్సు చూపించి, సముద్రాన్ని పక్కనే పెట్టుకుని పుదుచ్చేరి దాకా దిగి, అక్కడి నుంచి లోపలికి తిరిగి, ఏలగిరి కొండలెక్కి, పలమనేరు, చిత్తూరు మీదుగా నాలుగో రోజుకు ఊరు చేరుతుంది. ఇన్నేళ్ళుగా ఆ నాలుగు రోజులూ మైకు దేవరాజులు గారి చేతిలోనే ఉండేది. ఆయన చెప్పేవాటిలో నిజమెంత అని మీరడిగితే, ఆయన ఎదుటే చెబుతాను, చాలా తక్కువ. (నవ్వులు) ఏలగిరి దారిలో ఎడమొహం పెడమొహంగా నిలిచిన రెండు గుట్టలు వియ్యంకులనీ, పెళ్ళిలో వడ్డన దగ్గర మాటామాటా వచ్చి అలా తిరిగి కూర్చున్నారనీ చెప్పేవారు. తరువాతి యాత్రలో అవే గుట్టలు తోడికోడళ్ళయ్యేవి.

నాకది నచ్చేది కాదు. అంతకన్నా నచ్చనిది ఆయన ఉచ్చారణ. "కుడిపక్క సూడండప్పా, సూడండి" అని ఆయన అంటుంటే నా చెవులు మండేవి. మా అమ్మ జ్ఞానాంబ నన్ను పిలిచిందీ ఆ మాటతోనే, "ఇట్ల సూడు నాయనా" అని. ఆ 'సూడు'ను 'చూడు'గా దిద్దుకోవడానికి రాత్రి కళాశాల వరండాలో ఒంటరిగా నిలబడి పెదవులు కదిపినవాణ్ణి నేను. కనుక గైడు బదులు బస్సులో రికార్డు చేసిన వ్యాఖ్యానం వినిపిద్దామని యాజమాన్యం తలచినప్పుడు, దాన్ని నేనే రాశాను, నేనే చదివాను. అందులో ఒక్క అక్షరం కూడా దారి తప్పలేదు.

మొన్నటిది దేవరాజులు గారి ఆఖరి యాత్ర, ఆ రికార్డు వినిపించే పెట్టెకు తొలి యాత్ర. ఎలా ఉందో చూసి రమ్మని నన్నూ పంపారు. గొంతు నాదని ఎవరికీ చెప్పవద్దని దేవరాజులు గారిని ముందే కోరాను. నా ఉచ్చారణను జనం మెచ్చుకుంటుంటే, తెలియనట్టు కూర్చుని వినాలని నా ఆశ.

పులికాట్ గట్టున బస్సు ఆగింది. "మీ కుడివైపున గులాబీ వర్ణ శోభితమైన రాజహంసల సమూహాన్ని తిలకించండి" అని పెట్టెలోంచి నేనే సెలవిచ్చాను. కుడివైపున ఎండిన బురద, బోర్లించిన పడవ ఒకటి ఉన్నాయి. ఈ తాయమ్మ గారే లేచి నిలబడ్డారు.

"యాడప్పా హంసలు? ఎవురా మాట్లాడేది? ఆయప్పకు కండ్లు లేవా?"

వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "కండ్లే కాదక్కా, ఆ పెట్టెలో మనిషే లేడు!"

బస్సంతా నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగాను. డ్రైవరు పక్క సీటులో చేతులు కట్టుకుని కూర్చున్న దేవరాజులు గారికి నన్ను బయటపెట్టడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. ఆయన మెల్లగా లేచి, "ఆయప్ప సెప్పింది నిజమేనక్కా. పచ్చులే సెప్పిన మాట వినలా" అన్నారు. తన చేతిలోని మైకు లాక్కున్న గొంతును ఆయన కాపాడారు.

ఏలగిరి మలుపుల్లో నా పరిస్థితి సభలో చెప్పదగినది కాదు. పైన పెట్టెలోంచి నేను శిలల పుట్టుపూర్వోత్తరాలు వివరిస్తున్నాను, కింద నేనే కిటికీలోంచి తల బయట పెట్టి వాంతి చేసుకుంటున్నాను. (నవ్వులు) తాయమ్మ గారు నా వీపు నిమురుతూ, "ఆ పెట్టె నోరు మూయించప్పా! దాని మాటలకే గదా ఈ పిల్లోడికి తల తిరగతా ఉండాది" అని కేకవేశారు. దేవరాజులు గారు నా చేతిలో నిమ్మకాయ పెట్టి, భుజం పట్టుకుని, "కింద సూడొద్దబ్బా. దూరంగా ఆ గుట్టను సూడు. అదెవురో తెలుసునా? నీ వియ్యంకుడు. అలిగి కూసోనుండాడు, పలకరించు" అన్నారు.

చూశాను. ఆ గుట్ట నిజంగానే అలిగినట్టు ఉంది. నాకు నవ్వొచ్చింది, కడుపు కుదుటపడింది. పెట్టె 'చూడండి' అన్నప్పుడల్లా ఆ బస్సులో నాతో సహా ఎవరమూ ఏమీ చూడలేదు. ఆయన 'సూడు' అంటే చూశాను. ఇల్లు చేరేదాకా ఆయన నా గుట్టు బయటపెట్టలేదు.

తాయమ్మ గారూ, ఆ గొంతు నాదేనమ్మా.

(ముందు వరుస నుంచి తాయమ్మ గారు: "అయ్యో, నువ్వేనా నాయనా! ముందే సెప్పుంటే ఇంగొంచెం మెల్లగా తిట్టింటా గదా!" నవ్వులు)

మీరు గట్టిగా తిట్టడమే న్యాయం.

నా వెనుక ఈ బ్యానరు మీద 'విశ్రాంత జీవిత శుభాకాంక్షలు' అని ఉంది. ఆ మాటలు రాసింది కూడా నేనే. విశ్రాంతి అలసినవాడు కోరుకునేది. దేవరాజులు గారు అలసిపోలేదు, ఆయన అడగనూ లేదు. అక్షరాలన్నీ ఒప్పే, మాటే తప్పు. దాని కింద నిలబడి ఆయనకు శాలువా కప్పడానికి చేతులు సాచినప్పుడు, ఆయన నా కోసం కాస్త వంగారు.

దేవనాథన్ గారూ, మీరు గడియారం చూసుకుంటున్నారు, ముగిస్తాను. ఉద్యోగం ఎవరికివ్వాలో నిర్ణయించే అధికారం మీది. గొంతు నాది. దాన్ని ఆ పెట్టెలోంచి తీయించి నాకు తిరిగి ఇప్పించమని ఈ సభ సాక్షిగా వేడుకుంటున్నాను. ఆపైన ఆ బస్సులో ఎవరు మాట్లాడాలో పలమనేరు తాయమ్మ గారిని అడిగినా చెబుతారు. (చప్పట్లు)

బస్సు తిరిగి తిరుపతిలో ఆగగానే, తలుపు దగ్గర నిలబడి ఆయన ప్రతిసారీ అనే మాట ఒకటుంది. నా వ్యాఖ్యానంలో అది లేదు, 'శుభం' దగ్గరే ఆగిపోయింది. మీరు కుర్చీల్లోంచి లేచేముందు ఆ మాటను మా అమ్మ పలికినట్టే పలుకుతాను.

ఎవురూ ఏమీ మరిసిపోలేదు గదా? సీటు కింద ఒకసారి సూడండప్పా.

మనం వదిలేసి పోతున్నది సీటు కింద లేదు. ఆ కుర్చీలో, దండ వేసుకుని కూర్చుని ఉంది.

ఇంతసేపు ఓర్చి విన్న మీకందరికీ కృతజ్ఞతలు. మీ దగ్గర నేను సెలవు తీసుకోగలను గాని, ఆయనకు సెలవు ఇవ్వడానికి మాత్రం నాకు నోరు రావడం లేదు.