జ్వరం నాటి గ్లోబు

చీకటి పడే వేళ. రెండు గదుల ఇంట్లో పెద్ద గది గ్లోబులకి పోగా, చిన్నది మనుషులకి మిగిలింది. నీళ్ల ఆఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తే భార్య ఇప్పుడే ఇంటికొచ్చి, పెద్ద గదిలో కాస్త చోటు చూసుకుని కూర్చుంది. భర్త బల్ల దగ్గర ఉన్నాడు.

"పొద్దున చొక్కా ఇస్త్రీ చేసి తగిలించి వెళ్లాను. చూశారా?"

"చూశాను."

"వేసుకుని చూశారా, ఊరికే చూశారా?"

"ఊరికే చూశాను."

"ఆ చొక్కాలో దూరి ఐదేళ్లయింది. గుండీ పట్టకపోతే ఆ సంగతి ఇప్పుడే తెలియాలి. రేపు ఆఫీసుకి బయల్దేరేటప్పుడు తెలిస్తే ఎవరు కుడతారు?"

"పడుతుందిలే. ముందు నువ్వు కాస్త నడుం వాల్చు. వచ్చిన దగ్గర్నుంచీ నా చొక్కా గొడవే."

"నడుం వాలిస్తే ఇక లేవను. ఆ బంతి కాస్త అటు జరపండి, కాళ్లు చాపుకుంటాను."

"అది తడిగా ఉంది, ముట్టుకోకు. ఇదిగో, కాళ్లు ఈ పెట్టె మీద పెట్టుకో."

"ఈవేళ మళ్లీ మ్యాపు అంటించారా?"

"ఊఁ."

"ఆఖరి రోజు కూడా."

"ఆఖరి రోజని ఎవరన్నారు?"

"మనమే అన్నాం. పెళ్లయిన కొత్తలో, ఇదే గదిలో, ఈ బల్ల కూడా లేనప్పుడు. ఐదేళ్లు ఒకరు సంపాదించాలి, ఒకరు నచ్చింది నేర్చుకోవాలి, తర్వాత వంతు మారాలి అన్నాం. చీటీలు వేస్తే మీ చీటీ వచ్చింది."

"ఆ సంగతి నాకు తెలియదా? నేను అనేది ఏమిటంటే..."

"అనకండి."

"ఇంకా ఏమీ అనలేదు."

"అనబోయేది నాకు తెలుసు. ఇంకొక్క ఏడాది."

"ఇంకొక్క ఏడాది."

"చూశారా."

"ఊరికే అడగటం లేదు. దగ్గర పడ్డాను. మా పాత ఆఫీసు మేనేజరుకి ఫోను చేసి చెబుతాను. ఆయన మంచివాడు, ఏడాది ఆగమంటే ఆగుతాడు."

"మంచివాడు కాబట్టే ఇన్నాళ్ల తర్వాత కూడా రమ్మన్నాడు. ఇంకో ఏడాది పోతే ఆ కుర్చీలో ఆయనే ఉండడు."

"పోనీ నువ్వే ఇంకొన్నాళ్లు..."

"నేను ఈవేళ హెడ్‌ఫోను ఇచ్చేసి వచ్చానండీ."

"ఇచ్చేశావా?"

"ఇచ్చేశాను. సంతకం పెట్టి, మెళ్లో కార్డు తీసి బల్ల మీద పెట్టి వచ్చాను. రేపట్నుంచి నీళ్లు రాలేదని, వచ్చినవి మురికిగా ఉన్నాయని అందరూ ఇంకెవరినో తిడతారు."

"నాతో ఒక్క మాట అనాల్సింది."

"నెల రోజులుగా అంటూనే ఉన్నాను. మీరు బంతి వైపు తిరిగి ఊఁ కొట్టారు."

"నిజంగా రాజీనామా ఇస్తావనుకోలేదు."

"మరి ఏం చేస్తాననుకున్నారు?"

"సరే, సరే. కోప్పడకు."

"కోపం కాదు. కోపానికి ఓపిక కావాలి. పొద్దున్నుంచీ పరాయివాళ్ల తిట్లు చెవిలో పోసుకుని, ఇంటికొస్తే ఈ జిగురు వాసన. అలసిపోయానండీ. నిద్రపోతే తీరే అలసట కాదు."

"నాకు మాత్రం తెలియదా. మెట్ల మీద ఎదురైనవాళ్లంతా ఏమనుకుంటారో కూడా తెలుసు. పెళ్లాం సంపాదనతో బొమ్మలు చేసుకుంటున్నాడని."

"వాళ్ల సంగతి వదిలెయ్యండి. మీవారికి ఉద్యోగం దొరికిందా అని అడిగితే, దొరకడానికి పోగొట్టుకోలేదు, వదిలేశారు అని నవ్వుతూ చెప్పినదాన్ని. మా అమ్మతో కూడా అదే చెప్పాను."

"అందుకే అడుగుతున్నాను. నీ వంతు వస్తే ఏం నేర్చుకుంటావు?"

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటంటే?"

"ఈత."

"పోయిన నెల మా అక్కతో సంగీతం అన్నావు."

"వదిన పట్టుకుని అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలిగా."

"మీ అన్నయ్యతో ఏమీ నేర్చుకోను, నిద్రపోతానన్నావట. ఫోను చేసి మరీ నవ్వాడు."

"అన్నయ్య అన్నిటికీ నవ్వుతాడు. మా బావ భూమి మొత్తం తయారుచేస్తున్నాడు, చెల్లికి కాళ్లు చాపుకునే చోటు మాత్రం చెయ్యలేకపోయాడు అన్నాడు."

"అననీ. చూడు, నేను తప్పుగా అంటే చెప్పు. ఏం కావాలో నీకే తెలియనప్పుడు, తెలిసినవాడికి ఇంకో ఏడాది ఇస్తే..."

"తెలియదని నేనన్నానా?"

"తెలిస్తే చెప్పు మరి."

"టీ పెట్టనా?"

"మాట మార్చకు."

"గొంతు ఎండిపోయింది. ఈవేళ్టిది ఎలా వచ్చింది? ఇటు తిప్పండి."

"పైన కొంచెం ముడత పడింది."

"కొంచెమా? ధ్రువం దగ్గర మా అమ్మమ్మ బుగ్గలా ఉంది. ఇదేమిటి, ఇక్కడ అతుకు కింద రెండు దేశాలు పోయాయి."

"చిన్న దేశాలేలే."

"అక్కడివాళ్లతో చెప్పి చూడండి ఆ మాట."

"నవ్వుకో. ఎలా వస్తుందో నా చేతికి తెలుసు. ఒకసారి వచ్చింది కదా. నా వల్ల కానిదైతే ఆ అలమారలో ఉన్న గ్లోబు ఎక్కడ్నుంచి వచ్చింది?"

"దాని సంగతి ఇప్పుడెందుకు?"

"ఎందుకంటే నన్ను నిలబెట్టింది అదే కాబట్టి. మొదటి ఏడాదే నేను చేతులెత్తేశానా లేదా? ఇక నా వల్ల కాదు, మళ్లీ ఆఫీసులో చేరిపోతాను, నువ్వు మానేసి నీకు కావలసింది చేసుకో అన్నానా లేదా?"

"అన్నారు."

"మర్నాడే జ్వరం. ఒళ్లు తెలియని జ్వరం. బల్ల మీద గ్లోబు కోసం పోత పోసిన గుండు ఉంది. కమలా తొనల్లా కోసిన మ్యాపు కాగితాలు ఉన్నాయి. జిగురు కలిపి ఉంది. జ్వరం తగ్గి కళ్లు తెరిచి చూస్తే..."

"అంటించి ఉంది."

"ఒక్క ముడత లేకుండా. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియదు. ఎప్పుడు లేచానో, ఎలా అంటించానో ఏమీ గుర్తు లేదు. బుర్ర పక్కకి తప్పుకుంది, చేతులు తమ పని తాము చేసుకున్నాయి. నేర్చుకోవడమంటే అదే. బుర్రని ఎలా తప్పించాలో తెలిస్తే..."

"ఈ పాఠం నాకు కంఠతా వచ్చు."

"వస్తే అర్థం చేసుకోవేం?"

"ఆ పాఠం కోసమే మీరు ఒక ఏడాది సరిగ్గా నిద్రపోవడం మానేశారు, బుర్ర మొద్దుబారాలని. తర్వాత కళ్లకి గంతలు కట్టుకుని అంటించారు. నిరుడు వానలో డాబా మీద నిలబడ్డారు, జ్వరం రావాలని."

"వచ్చిందిగా."

"జ్వరం వచ్చింది, దగ్గు వచ్చింది, గ్లోబు మాత్రం రాలేదు. సెలవు పెట్టి వీపు రుద్దుతూ కూర్చున్నాను. అప్పుడే చెప్పేద్దామనుకున్నాను."

"ఏం చెప్పేద్దామని?"

"ఏముంది. గ్లోబులు చేసే ముసలాయన ఉన్నాడన్నారు కదా, బస్సెక్కి వెళ్లి నాలుగు రోజులు ఆయన దగ్గర కూర్చోండి అని."

"అది చాలాసార్లు చెప్పావు. నేనేమన్నాను?"

"ఇంకొకరు చూపిస్తే అది వాళ్ల చెయ్యి అవుతుంది, నాది కాదు అన్నారు."

"ఇప్పటికీ అదే అంటాను. బడిలో మాస్టారు చెప్పినట్టు చదివాను. ఆఫీసులో పైవాడు చెప్పినట్టు లెక్కలు రాశాను. ఇదొక్కటి నా అంతట నేను పట్టుకున్నాను. నీకు చిన్న విషయంగా కనిపించవచ్చు."

"చిన్నగా కనిపిస్తే ఐదేళ్లు ఆ ఫోను ఎత్తేదాన్నా?"

"మరి ఈ ఒక్క ఏడాదికి ఎందుకింత పట్టుదల?"

"అది ఇలా ఇవ్వండి."

"ఏది?"

"అలమారలోది."

"ఇప్పుడా? జాగ్రత్త, కింద పెట్టకు."

"దీన్ని మీకంటే జాగ్రత్తగానే పట్టుకుంటాను. దీపం వెయ్యండి. ఇదిగో, ఈ సముద్రంలో వేలిముద్ర ఉంది, ఎప్పుడైనా చూశారా?"

"చూడకేం. తడి ఆరకముందు పడింది. నా బొటనవేలే."

"పెట్టండి దాని మీద."

"దేనికి?"

"పెట్టండి, చెబుతాను."

"నా వేలికంటే చిన్నగా ఉంటే ఏం, జిగురు ఆరేటప్పుడు కాగితం ముడుచుకుంటుంది. ముద్ర కూడా చిన్నదవుతుంది."

"మిగతా సముద్రమంతా అలాగే ఉండి, ముద్ర ఒక్కటే ముడుచుకుందా?"

"ఏమంటున్నావు నువ్వు?"

"ఇప్పుడు నాది పెడతాను. చూడండి."

"తియ్యి. తియ్యి చెయ్యి."

"తీశాను. చూశారుగా."

"నన్ను పడుకోబెట్టేటప్పుడు దీన్ని అటూ ఇటూ జరిపి ఉంటావు. అప్పుడు పడి ఉంటుంది."

"మీకు జ్వరం ఉన్నన్ని రోజులూ నేను ఆఫీసుకి వెళ్లలేదండీ. గుర్తుందా? ఎలా ఉంటుంది గుర్తు. నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ ఇక్కడే ఉన్నాను. మీరు మంచం దిగలేదు. దిగే స్థితిలో లేరు."

"నువ్వా?"

"కలిపిన జిగురు పాడైపోతోందని బాధేసింది. అంతే, ఇంకేమీ లేదు. ఒక తొనకి జిగురు రాశాను. ఇంతలో మీరు మూలిగారు. వచ్చి గుడ్డ తడిపి వేసి, కాస్త నీళ్లు పట్టించి వెళ్లేసరికి కాగితం నాని చేతిలో వేలాడిపోయింది. పాడుచేశాననుకున్నాను. పారెయ్యడం ఇష్టం లేక గుండు నడుము దగ్గర ఆనించి, అక్కణ్ణించి పైకి, కిందికి రుద్దుకుంటూ పోయాను. చర్మంలా అతుక్కుంది. ఇంకోటి కూడా అలాగే. గుడ్డ మార్చడం, తొన అంటించడం. ఇక ఆపలేకపోయాను."

"నడుము దగ్గర్నుంచా."

"మీరు ధ్రువం దగ్గర మొదలుపెడతారు. పైగా కాగితం నాననివ్వరు."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మీరు లేచి దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చారు. నేనే చేశాను, నాలో ఉంది, ఇక ఆఫీసుకి వెళ్లను అన్నారు. పెళ్లయ్యాక మీ ముఖం అంత వెలిగిపోవడం అప్పుడే చూశాను. నోరు రాలేదు. రెండ్రోజులు పోయాక చెబుదామనుకున్నాను. తర్వాత నెల పోయాక. ఆలస్యమయ్యేకొద్దీ అది ఇంకా పెద్ద మాటైపోయింది."

"నాలుగేళ్లు."

"నాలుగేళ్లు. మీరు వానలో నిలబడ్డ రోజు నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది."

"తర్వాత మళ్లీ ఎప్పుడైనా చేశావా?"

"లేదు. బల్ల తుడిచేటప్పుడు కూడా కాగితాల మీద చెయ్యి పడకుండా చూసుకునేదాన్ని. ఫోనులో ఎవరో నీళ్లు రాలేదని అరుస్తుంటే, బల్ల కింద వేళ్లు రుద్దుకుంటూ కూర్చునేదాన్ని. దళసరి కాగితమైతే ఎంతసేపు నానాలి, ధ్రువం దగ్గర కొసలు ఎలా కలపాలి అనుకుంటూ. ఒకాయన తన బాధంతా చెప్పి, వింటున్నారా అంటే, ఇంకాస్త నాననివ్వండి అన్నాను."

"ఈత కాదన్నమాట."

"కాదు."

"సంగీతం కూడా కాదు."

"ఈ బల్ల. ఇదే కావాలి నాకు. అడగలేకపోయాను. మీ దగ్గర్నుంచి లాక్కున్నట్టుంటుందని."

"ఈ ఐదేళ్లలో నేను నేర్చుకున్నదేమిటి మరి?"

"అలా అనకండి. నేను అంటించింది మీరు పోత పోసిన గుండు మీద. మీరు కోసిన తొనలు. వెంట్రుకవాసి తేడా లేకుండా అంత సన్నటి కొసలు కొయ్యడం నాకు ఈ జన్మలో రాదు."

"ఊరడించకు."

"ఊరడించే ఓపిక నాకెక్కడిది?"

"కాస్త జరుగు, దారివ్వు."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదు. ఆ గదిలోకి."

"ఏమండీ."

"వస్తున్నానుండు."

"భోజనం చెయ్యకుండా పడుకోకండి. నేను చెప్పింది తప్పయితే తిట్టండి, వింటాను. తిట్లు వినడం నాకు అలవాటే. మాట్లాడకుండా మాత్రం ఉండకండి."

"గుండీ పట్టింది."

"ఏమిటీ?"

"చొక్కా. పట్టింది. పొట్ట దగ్గర కొంచెం బిగుతు."

"ఇలా దీపం దగ్గరికి రండి. బాగానే ఉంది. కాలరు సరిచేసుకోండి."

"ఎంతసేపు నానాలి?"

"ఏది?"

"కాగితం. ఎంతసేపు నాననిచ్చావు? చెయ్యి ఎలా పెట్టావు, అరచేతితోనా, వేళ్లతోనా? కొంచెం చూపించు."

"మీకా? నేనా?"

"నువ్వే. జిగురు ఇంకా పచ్చిగానే ఉంది. ఒక్క తొన చాలు. ఇప్పుడే చూపించు."

"ఇప్పుడు కాదండీ. రేపు చూపిస్తాను. మీరు ఆఫీసు నుంచి వచ్చాక."