డిక్షనరీలో లేని చెట్టు

ఎవరూ, ఇశ్రాయేలు మనవరాలివా? కూర్చో అమ్మా. మీ తాత సంగతి చెప్పాలంటే ముందు నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. డెబ్భై రెండులో గవర్నర్‌పేటలో హిందీ ట్యూషన్లు చెప్పేవాణ్ణి. కాజీపేట దాటి ఉత్తరానికి పోయిన మొహం కాదు గానీ, హిందీవాళ్లకి నాకొచ్చినంత హిందీ రాదనుకునేవాణ్ణి. మీ తాత మిలిటరీలో రిటైరై గన్నవరంలో ఉండేవాడు కదా, ఓ రోజు ఉత్తరం పట్టుకుని సైకిలేసుకొచ్చాడు. హిమాలయాల్లో ఆయనతో పనిచేసి చనిపోయిన జవాను భార్య రాసింది. ఇంటి పైన కొండవాలు జారి రాళ్లొస్తున్నాయట, ఏ రకం పైన్ చెట్ల మొక్కలు నాటితే నిలబడతాయన్నా అని. ఆయనకి హిందీ మాట్లాడ్డమే గానీ చదవడం, రాయడం రాదు. "రాయండి మాస్టారూ. చీడ్ వద్దనండి. గుత్తికి మూడు సూదుల్లాంటి ఆకులుంటయ్, అది కింది కొండల చెట్టు, మంచు బరువుకి విరిగిపోద్ది. కైల్ వెయ్యమనండి. గుత్తికి ఐదు, కొమ్మ వంగుద్ది, మంచు జారిపోద్ది" అన్నాడు. నేను డిక్షనరీ తీశా. చీడ్ ఉంది, కైల్ లేదు. నా డిక్షనరీలో లేని చెట్టు కొండమీద ఎట్టా ఉంటుంది చెప్పు? సిపాయిల యాస అయ్యుంటుందిలే అని, చీడ్ నాటండి సోదరీ అని అలంకారాలు పెట్టి మరీ రాశా. "ఓసారి చదువుతారా" అన్నాడు పాపం. "నా హిందీ నువ్వు దిద్దుతావా ఇశ్రాయేలూ" అన్నా.

రెండు చలికాలాలయ్యాక మళ్లీ ఉత్తరమొచ్చింది. నేనే చదివి చెప్పాలిగా, చదివా. అన్నా, మీరు చెప్పిన చీడ్ మొక్కలే రెండొందలు వీపున మోసుకెళ్లి నాటాను, మంచుకి ఒక్కటీ మిగల్లేదు అని. మీ తాత నా వంక చూశాడు. నేను సీలింగు చూశా. ఆఖరికి, "రాయండి మాస్టారూ. అమ్మా, నాకు వయసు మీదపడి పేరు తప్పు చెప్పాను, ఈసారి నేనే వచ్చి నాటతా" అన్నాడు. తప్పు నాదని ఒక్కమాట రాయొచ్చుగా నేను? రాయలా. ఆయన చెప్పింది మాత్రం అక్షరం పొల్లు పోకుండా రాశా, చూడు నా నిజాయితీ. అరవై దాటిన మనిషి స్వెట్టరు సంచిలో పెట్టుకుని రైలెక్కాడు. వానాకాలమంతా అక్కడే ఉండి, నాటి, అరచేతులు పగిలి తిరిగొచ్చాడు. నన్ను పల్లెత్తు మాటన్లేదు. అంటే బాగుండేది.

నాలుగేళ్లకి ఆమె ఫోటో పంపింది. కొండవాలంతా కైల్ మొక్కలు, ఆమె నడుమెత్తున. అప్పటికి మీ తాత పోయి రెండు నెలలు. ఫోటో వెనకాల 'మతిమరుపు అన్నయ్యకి' అని రాసుంది. తప్పు నాదని జవాబు రాద్దామని కాగితం తీశానమ్మా, చాలాసార్లు తీశా... ఆ ఫ్యాను కాస్త తగ్గించు తల్లీ.