గద్ద మీద వేసిన నింద

“సుజనమ్మా, రాయి. ‘ఒరే బర్నబాసూ, రిమోటు విమానాల పందెంలో నీ విమానాన్ని గద్ద తన్నిందని ముప్పై ఏళ్లుగా ఆత్మకూరంతా చెప్పుకుంటా తిరిగినావే!’”

ఉదయగిరిలో తాత నిదానంగా చెబుతుంటే మనవరాలు ఉత్తరం రాస్తోంది.

“తన్నలేదా తాతా?”

“గద్దకి వేరే పని లేదా? మిషను దొర ఇచ్చిన రెండు రిమోటు పెట్టెలకీ రేడియో మాదిరి ఒకటే స్టేషను. ఒకడు ఎగరేస్తుంటే రెండోవాడు పెట్టె ఆపాల. లేకుంటే గాల్లో విమానం నేలకే. ఏం రోజులు! ఇప్పటి పిల్లోళ్లు టీవీ ముందు బొత్తాలు నొక్కతారు, మెడ కూడా ఎత్తరు.”

“నీ పెట్టె ఆపినావా?”



“వాడు గెలిచేటట్టు ఉండాడు. నా వేలు ఊరుకోలా, పెట్టె బొత్తాం నొక్కేసింది.”

“అమ్మో! మరి పందెంలో నీకు ఇచ్చిన కప్పు?”

“మీ అవ్వ ఉప్పు పోసుకుంటాది గదా, అదే. కడిగి పంపిద్దాం.”

“క్షమించమని రాసేదా?”

“వొద్దు. వాడు తిట్టకుండా క్షమిస్తే నాకు అన్నం సయించదు. వాడికి ‘గద్ద బర్నబాసు’ అని పేరు పెట్టింది కూడా నేనే. రాయి.”

“రాసినా.”

“వాడికి చూపు ఆనదు. కోడలు సారాని చదవమని పైన రాయి. ఇంట్లో కాదు, వీధిలో నిలబడి గట్టిగా. ఆ పేరుతో పిలిచినోళ్లంతా ఇంకా ఆ వీధిలోనే ఉండారు.”