తుల్సీరాం తోలుకొచ్చిన దొర

ఏందిరా చైతన్యా, పోనుల గుర్రాల పందెమా? జర ఇటు తిప్పు, కండ్లద్దాలు లేవు నాకు. అబ్బో, ఏం ఉరుకుడురా! గిసోంటి గుర్రాన్ని ఈ తాత చెయ్యేసి నిమిరిండు, తెల్సా? నవ్వకు. మన ఏన్కూరు అడివంచుకే వచ్చింది అది. పక్క తండా తుల్సీరాం తోలుకొచ్చిండు. పాపం, ఆయన పోయి గూడ శానేండ్లాయె. పొట్ట చేతవట్టుకొని పట్నం పోయి, పందెం గుర్రాలకు దాణా పెట్టి మాలీషు చేసే పనిల కుదిరిండు. ఆయనకు ఒప్పజెప్పింది ఒకటుండె, జాతి గుర్రం, ఎర్రటి ఒళ్లు, నిగనిగలాడేది. ఇంగ్లీషు పేరేందో ఉండె గని మన నోరు తిరగక 'దొర' అన్నం. తుల్సీరాం చెప్తుంటే ఇనాలె: "మొదాల అందరి ఎన్కనే ఉంటది పిచ్చయ్య పటేలా, ఏం తెల్వనట్టు. ఆఖరి మలుపు తిరిగి జనం కేకలు చెవుల వడ్డయా, ఇగ దాన్ని ఆపేటోడు పుట్టలే!" కప్పుల మీద కప్పులు గెల్సింది. గెల్సినప్పుడల్లా గుర్రం సేటు ఈయనకు ఇనాం ఇచ్చేటోడు. ఆ ఇనాంలతోనే బిడ్డ సోనిని నర్సు చదివిచ్చిండు. తండల మొట్టమొదటి నౌకరీ ఆ పిల్లదే.

ఆ... ఏం చెప్తుంటి? అవ్, దొర ముచ్చట. ఓ పందెంల దాని ముందరి కాలు నరం తెగింది. ఇగ పందేలకు పనికిరాదని తేలినంక, సూది ఏపిద్దాం, నొప్పి లేకుంట పానం పోతదన్నడట సేటు. తుల్సీరాం సేటు కాళ్ల మీద వడి, "నాకియ్యుండ్రి సారూ, సచ్చేదాక సాదుకుంట" అని డీసీఎం బండెక్కిచ్చి తెచ్చిండు. పశువుల డాక్టరు ఒక్కటే చెప్పిండు, నడవనియ్యి, ఉరకనియ్యకు, ఉరికితే కాలుతోని పానం గూడ పోతదని. ఇంటికాడ ఆయన పెండ్లాం జమ్లి ఇంతెత్తు లేసింది. "బర్లకే గడ్డి లేదు, ఏనుగును తెచ్చినవా ముసలోడా!" అని. తిట్టుకుంటనే ఉలవలు ఉడకవెట్టేది, గదీ జమ్లి అంటే. మీ నాయనమ్మ గూడ ఉలవచారు పెడితేనా... సరే తియ్యి, ఆ ముచ్చట ఇప్పుడెందుకు.

పొద్దుగాల ఊరవతల బీడు భూమిల మేతకు ఇడ్సిపెడితే అది ఏం జేసిందంటవ్? ఆడున్న ముత్యాలమ్మ గద్దె సుట్టు తిరుగుడు వెట్టింది. అదీ గద్దెను కుడిచేతికి ఉంచుకొని, మనం తిరిగినట్టే! పట్నంల గట్లనే కుడి మలుపులు తిప్పి ఉరికిచ్చేదట, దాని అలవాటు దానిది. మనకేం ఎరుక? "ఓ యవ్వా, నోరులేని జీవి అమ్మకు ప్రదక్షిణలు చేస్తుంది!" అని ఊరు ఊరంత కదిలింది. పసుపు పూసిరి, దండ ఏసిరి, నేను గూడ కొబ్బరికాయ కొట్టిన. తుల్సీరాం పట్టుకొని నడిపిచ్చుకుంటుండె గని, బోనాల నాడు ఏమాయె, డప్పులు దంచుడు, జనం కేకలు, ఇగ సూడు! చెవులు నిక్కవొడ్సి, తోక లేపి, తుల్సీరాం చేతుల తాడు గుంజుకొని ఉరుకుడు అందుకుంది. జనం అరిసినకొద్ది అది ఉరుకుడు, అది ఉరికినకొద్ది జనం అరుసుడు. పూనకమని ఆడోళ్లు మొక్కుతున్నరు. కుంటుకుంట ఉరుకుతుందిరా! తుల్సీరాం అడ్డమురికి, మెడకు యాలాడి ఆపి, డప్పులోళ్లకు దండం పెట్టిండు. "అవ్వల్లారా, ఇది మొక్కుడు గాదు. పందెమనుకుంటుంది. మీరు అరిస్తే సచ్చేదాక ఉరుకుతది. నా బిడ్డ నౌకరీ చేస్తుందంటే దీని కాళ్ల పుణ్యం. దీని కష్టం తిన్నం, ఇగ దీన్ని సుకపడనియ్యుండ్రి" అని బోరున ఏడ్సిండు.

బోనాలల్ల డప్పు ఆపుడంటే మాటలా? అమ్మవారికి కోపమొస్తది, వానలు పడయని గునిసిండ్రు కొందరు. గద్దె కాడ దీపం పెట్టే ముసలామె కన్నమ్మ కొంగు బిగిచ్చి ముందటికొచ్చింది. "ఆపుండ్రిరా. అమ్మకేమన్న చెవుడా? మెల్లగ మొక్కినా ఇంటది" అన్నది. అంతే. ఆనాటి సంది దొర ఉన్నన్ని దినాలు ఆ గద్దె కాడ డప్పు మోగలే. ఆడోళ్లు నిమ్మలంగ తిరిగేది, ఎన్కనే దొర, తల ఊపుకుంట, వాళ్లడుగుల అడుగేసుకుంట. దానికి నడుసుడు వాళ్లే నేర్పిండ్రు. కూలి చేసుకునేటోళ్లు గూడ పిడికెడు ఉలవలు తెచ్చి జమ్లి చాటల పోసి పోయేటోళ్లు. మంచోళ్లురా మనోళ్లు, ఇప్పటికి తల్సుకుంటే కడుపు నిండుతది నాకు.

ఆఖరికి దొర ముసలిదయ్యి పోయింది. ఆ బీట్లనే గుంత తీసినం. డ్యూటీ ఇడ్సిపెట్టి సోని గూడ వచ్చింది. జమ్లి అయితే దాని మెడ మీద పడి ఏడ్సింది, తిట్టిన నోరుతోనే. డప్పులోళ్లు వచ్చిండ్రు గని డప్పులు సంకన వెట్టుకొని నిలవడ్డరు, ఒక్కడు కొట్టడు. చేతులు రావాయె వాళ్లకు. తుల్సీరాం పిడికెడు మట్టేసి, లేసి, వాళ్ల దిక్కు జూసిండు.

"కొట్టుండ్రి" అన్నడు. "ఇయ్యాల ఉరకనియ్యుండ్రి."

...

పో, పోయి మోటరు బంద్ చేసి రా. మడి నిండినట్టుంది.